నాటు వైద్యుల్ని ఏఆర్‌టీ సెంటర్లతో కలపాలా, దూరంగానే ఉంచాలా? (చర్చ)

తీరంగాలి (మందస వైపు)

అందరికీ నమస్కారం. ఏఆర్‌టీ అంటే హెచ్ఐవీకి ఇచ్చే మందులు, అవి ఇచ్చే చోటే ఏఆర్‌టీ సెంటరు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ ఇళ్ళకి తిరిగే ఫీల్డు ఉద్యోగం నాది, తొమ్మిదేళ్ళయింది. నా కళ్ళముందు జరిగిన సంగతి ఒకటి చెప్పి మీ అభిప్రాయం అడుగుదామని.

గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికెళ్ళి వచ్చిన మనిషి. ముప్పై నాలుగేళ్ళు. దగ్గు, జ్వరం, లుంగీ నడుం మీద నిలవనంత చిక్కిపోయాడు. పరీక్షలో పాజిటివ్, వెంటనే మందులు మొదలయ్యాయి. రెండో నెల మందులకి రాలేదు. ఇంటికెళ్ళాను. చాప పక్కన క్వార్టర్ సీసా, అందులో ముదురాకుపచ్చ పసరు, మూతకి బదులు పేపరు ముక్క చుట్టి దోపారు. పైన దూలం మీద మన తెల్ల డబ్బా. దింపి లెక్కపెడితే ముప్పైకి ఇరవై రెండు మాత్రలు అలాగే ఉన్నాయి.

"గురువుగారు ఇంగ్లీసు మందు ఒగ్గీయమన్నారు సార్. రెండూ కలిస్తే ఇసమైపోద్దంట" అన్నాడు. పథ్యం నలభై రోజులు. ఉప్పు లేదు, పులుపు లేదు, చేప లేదు. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి చేప వద్దంటే ఇంకేం తింటాడు? గంజి తాగుతున్నాడు.

కోపంతో ఆ గురువుగారి దగ్గరికే వెళ్ళాను. వెళ్ళేసరికి ఒక ముసలమ్మ మోకాలికి ఆకు నూరి కడుతున్నాడు. దొంగలా అనిపించలేదు. ఇచ్చినవాళ్ళు ఇచ్చింది తీసుకుంటాడు, లేనివాళ్ళని అడగడు. నేను అరిచిందంతా విని ఒకటే అన్నాడు: "ఆ మందు ఆపకూడదని నాకెవుడు సెప్పినాడు బావు? మీ డాట్రు ఏనాడైనా నాకాడికి వొచ్చినాడేటి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఇలాంటివాళ్ళని పిలిచి, శిక్షణ ఇచ్చి, ఒక కార్డు చేతికిచ్చి, అనుమానం ఉన్నవాళ్ళని మన దగ్గరికి పంపే ఏర్పాటు ఎందుకు చేయకూడదు? మందు ఇవ్వమనడం లేదు. పంపమంటున్నాను, అంతే.

ప్రశ్న (రాజాం)

మీ ఆవేదన అర్థమైంది. కానీ వద్దు. ససేమిరా వద్దు.

మీరిచ్చే ఆ కార్డు ఏమవుతుందో నేను చెప్తాను. లామినేషను చేయించి గోడకి కొడతారు. నెల తిరక్కుండా బస్టాండు గోడ మీద రాత: "ప్రభుత్వ గుర్తింపు పొందిన ఎయిడ్స్ వైద్యులు, గ్యారంటీ." ఉమ్మడి రాష్ట్రంలో ఆర్ఎంపీలకి కమ్యూనిటీ పారామెడిక్ శిక్షణ అన్నారు, గుర్తుందా? ఉద్దేశం మంచిదే. నాకు తెలిసిన ఊళ్ళో ఆయన సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించుకున్నాక సెలైన్లు పెరిగాయే కానీ తగ్గలేదు.

ఎయిడ్స్ నయం చేస్తామని చెప్పుకోడానికి మన దేశంలో ఏ మందుకీ వీల్లేదు. డ్రగ్స్ రూల్సులో షెడ్యూల్ జె అని ఉంది, అలా చెప్పుకోకూడని జబ్బుల పట్టిక, అందులో మొదటి పేరే ఎయిడ్స్. మాయ మందుల ప్రకటనల మీద 1954 నుంచీ చట్టం ఉంది. అది అమలు చేయడం చేతకాక ఇప్పుడు చేయి కలుపుదామంటారా?

పై నుంచి ముద్ర పడితే ఏమవుతుందో ప్రపంచం చూసింది. గాంబియా అధ్యక్షుడు జామే 2007లో తన మూలికలతో ఎయిడ్స్ పోతుందన్నాడు. రోగుల చేత మాత్రలు మాన్పించాడు, టీవీలో చూపించాడు. దక్షిణాఫ్రికాలో సాక్షాత్తూ ఆరోగ్య మంత్రే వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ అంటూ కూర్చుంది. ఏఆర్‌టీ ఆలస్యం చేసినందుకు ఆ దేశంలో మూడు లక్షల ముప్పై వేలకి పైగా ప్రాణాలు పోయాయని 2008లో హార్వర్డ్ వాళ్ళు లెక్కగట్టారు. గురువుగారు మంచివాడైతే కావచ్చు. మంచితనానికి వైరస్ లొంగదు.

చెట్టుమందు (గజపతినగరం దగ్గర)

ప్రశ్నగారూ, మీరు అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. మా తాత పచ్చకామెర్లకి మందిస్తాడు. నేను బీఫార్మసీ చదివాను, కాబట్టి ఇంట్లో రోజూ మీ ఇద్దరి గొడవే నడుస్తుంది నాకు.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. ఆకులు నూరేవాడు వేరు. తాయెత్తు కట్టి, చిల్లంగి తీస్తానని కోడిని అడిగేవాడు వేరు. సూది పొడిచే ఆర్ఎంపీ వేరు, ఆయన నాటు వైద్యుడే కాదు, ఇంగ్లీషు మందు సగం నేర్చినవాడు. యూట్యూబులో "హెచ్ఐవీ నెగెటివ్ చేస్తాం" అని పార్సిళ్ళు పంపేవాడు వ్యాపారి. ఆ నాలుగోవాడికి జైలే కరెక్టు, నేనూ ఒప్పుకుంటాను. మొదటివాడితో మాట్లాడితే పోయేదేంటి?

మా తాతకి ఒక లెక్క ఉంది. కామెర్లవాడికి కడుపు ఉబ్బినా, మాట తడబడినా ముట్టుకోడు. "ఇది నా సేతిలోది కాదు, బేగి పెద్దాసుపత్రికి తీసుకెల్లిపోండి" అంటాడు. ఆయన చెబితే వెళ్తారు. పక్కింటి నర్సు చెబితే వెళ్ళరు.

బయటి దేశాల ఉదాహరణలు సగమే చెప్పారు కాబట్టి మిగతా సగం నేను చెప్తాను. ఉగాండాలో 1992లోనే నాటు వైద్యుల్నీ డాక్టర్లనీ కలిపి థేటా అనే సంస్థ మొదలైంది. 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో అక్కడిదే ఒక ప్రయోగం వచ్చింది. 17 మంది నాటు వైద్యులు, వాళ్ళ దగ్గరికొచ్చే 500 మంది. సగంమందికి వైద్యుడే నోటి తడితో హెచ్ఐవీ పరీక్ష చేశాడు. మిగతా సగాన్ని ఆసుపత్రికెళ్ళి చేయించుకోమని పంపారు. మొదటి గుంపులో అందరికీ పరీక్ష అయింది. రెండో గుంపులో వెళ్ళి చేయించుకున్నది 23 శాతం.

పులిరాజు_బొబ్బిలి

మా ఊళ్ళో ఒకాయన మూడు నెలల్లో నెగెటివ్ చేసి రిపోర్టు చేతికిస్తాడు. నేను నాలుగు రిపోర్టులు చూశాను. నెంబరు కావాలంటే (నెంబరు తీసేశాం: మోడరేటర్)

మోడరేటర్

ఫోన్ నెంబర్లు, వైద్యుల పేర్లు, ఊరి పేర్లు పెట్టొద్దు. ఇంకోసారి పెడితే ఐడీ ఆపేస్తాం.

పాజిటివ్_అక్క (చీపురుపల్లి)

ఆ రిపోర్టుల సంగతి నేను చెప్తాను. అలాంటి కాగితం నా దగ్గరా ఉంది.

మందు సరిగా వాడితే కొన్ని నెలలకి రక్తంలో వైరస్ లెక్కకి అందనంత తగ్గుతుంది. వైరల్ లోడ్ రిపోర్టులో "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని వస్తుంది. అంటే పోయిందని కాదు, దాక్కుందని. మాత్ర ఆపిన కొన్ని వారాలకి మళ్ళీ లేస్తుంది. మామూలు హెచ్ఐవీ పరీక్ష అప్పుడూ పాజిటివే చూపిస్తుంది. ఆ "నాట్ డిటెక్టెడ్" కాగితం చూపించి, చూశావా నా మందుకి పోయింది అంటారు. ఇంట్లో గుట్టుగా ఏఆర్‌టీ మాత్ర మింగుతూ, పైకి ఆయన చూర్ణం తిన్నవాళ్ళని నేనెరుగుదును. పని చేసింది మాత్ర, పేరొచ్చింది చూర్ణానికి.

నా కథ కొంచెం రాస్తాను, పొడుగైతే క్షమించండి.

2010లో మా ఆయన పోయాక నాకు తెలిసింది. అప్పట్లో పాజిటివ్ అని తేలగానే మందులిచ్చేవారు కాదు. సీడీ4 లెక్క, అంటే ఒంట్లో జబ్బుతో పోరాడే కణాల లెక్క, బాగా పడిపోతేనే ఇచ్చేవారు. నాకు పడలేదు. "నీకింకా మందులు అక్కర్లేదమ్మా, ఆరు నెలలకి రా" అన్నారు. ఎవరైనా ఆలోచించారా ఆ మాటని? చచ్చిపోయే జబ్బుంది అని చెప్పి, మందు లేకుండా ఇంటికి పంపడం. ఆ ఆరు నెలలు చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటాం? నేను నాటు వైద్యుడి దగ్గరికెళ్ళాను. నాలాంటివాళ్ళు చాలామంది ఆ సందులోనే వెళ్ళారు. 2017 నుంచి తేలిన వెంటనే మందు మొదలెట్టాలన్నారు కాబట్టి ఇప్పుడు ఆ సందు లేదు. కానీ అప్పుడు పడిన దారి ఊళ్ళలో ఇంకా ఉంది. "ఫలానా ఆవిడకి ఆయనే నయం చేశాడు" అంటే ఆ ఫలానా ఆవిడ నేనే కావచ్చు.

ఎనిమిది నెలలు తిరిగాను. చెవి దుద్దులు, ముక్కుపుడక పోయాయి. ఆఖరికి నోట్లో తెల్లపూత వచ్చి, ముద్ద మింగలేక ఏఆర్‌టీకి వచ్చాను. జిడోవుడిన్ ఇచ్చారు, గోళ్ళు నల్లబడ్డాయి. ఊళ్ళో అడిగితే గోరింట ఎక్కువైందన్నాను. ఇప్పుడు పూటకొక మాత్ర కూడా కాదు, రోజుకొక్కటే. బానే ఉన్నాను.

అంత మోసపోయి కూడా ఆ వైద్యుడంటే నాకు పూర్తిగా కోపం రాదు. ఎందుకో చెప్తాను. ఆయన నా చేయి పట్టుకుని నాడి చూశాడు. వట్టి చేత్తో. అంతకుముందు వారం నేనొక ఆసుపత్రిలో ఉన్నాను. కేసు షీటు మీద ఎర్ర ఇంకుతో పెద్దక్షరాలు రాసి మంచం కాళ్ళ దగ్గర తగిలించారు. బీపీ చూడ్డానికి రెండు గ్లౌజులు తొడుక్కున్నారు. "ఎక్కడ తిరిగావ్" అని వార్డందరి ముందూ అడిగారు. నేను ఎక్కడా తిరగలేదు.

కొత్తపేట_శీను

అక్కా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

పీహెచ్‌సీ_డాక్టరమ్మ (విజయనగరం జిల్లా)

అక్కా, ఆ ఎర్ర ఇంకుకి మా వాళ్ళందరి తరఫునా సిగ్గుపడుతున్నాను. 2017 హెచ్ఐవీ చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్నది, దాని ప్రకారం అలా బయటపెట్టడం నేరుగా తప్పు.

అయినా నేను ప్రశ్నగారి వైపే. నాలుగేళ్ళు ఏఆర్‌టీలో పనిచేశాను. అక్కడ నాకు దొరికిన తలనొప్పులు వేరు, అవి ఇక్కడ ఎవరూ మాట్లాడడం లేదు.

ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది మూడు మందులు కలిసిన ఒకే మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. డోలుటెగ్రావిర్ మంచి మందు, కానీ ఇనుము, సున్నం, మెగ్నీషియం, అల్యూమినియం ఎదురైతే కడుపులోనే వాటికి అంటుకుపోతుంది, ఒంటికి పట్టదు. గ్యాసుకి తాగే తెల్ల మందు పడాలంటే మాత్ర వేసిన రెండు గంటల తర్వాతే, లేదా మాత్రకి ఆరు గంటల ముందే. ఐరన్, క్యాల్షియం మాత్రలు మాత్రం భోజనంతో కలిపి మింగితే పర్లేదు. సరే, శంఖ భస్మం ఏమిటి? సున్నమే. మండూర భస్మం? ఇనుమే. పరగడుపున భస్మం, దాని వెంట మాత్ర. రోగి ఒక్క పూట కూడా మానలేదు, వైరల్ లోడ్ మాత్రం దిగదు. నేను "నువ్వు మాత్రలు మానేస్తున్నావ్" అని తిడతాను. తప్పెవరిది?

ఇక టెనోఫోవిర్ బయటికి పోయేది కిడ్నీ దారినే. మామూలు చోట అది పెద్ద సమస్య కాదు. కానీ పక్క శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది, ఊళ్ళకి ఊళ్ళే కిడ్నీ జబ్బుతో బాధపడే చోటు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చిన మనిషికి మాత్ర రాసేముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నా చెయ్యి కదలదు. కిడ్నీ సరిగా లేకపోతే టెనోఫోవిర్ బదులు అబాకవిర్ ఇస్తాం. పైగా డోలుటెగ్రావిర్ వల్ల కిడ్నీ పాడవకుండానే క్రియాటినిన్ కాస్త పెరిగినట్టు కనబడుతుంది. ఈ చిక్కుల మధ్యలో ఎవరో ఇచ్చిన పాదరసం భస్మమో, పసరులో కలిపిన నొప్పి మాత్ర పొడో పడితే ఏది దేనివల్లో నేనెలా తేల్చను? (అవును, పసరులో డైక్లోఫెనాక్ నూరి కలిపేవాళ్ళున్నారు. మోకాలి నొప్పి గంటలో పోతే అనుమానించండి.)

"ఆకే కదా, ఏం చేస్తుంది" అనకండి. తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది తిప్పతీగ కాదేమో, దానిలాంటి ఇంకో తీగేమో అంది. నాకు ఆ జవాబే ఎక్కువ భయం వేసింది. తీగ ఏదో తేల్చుకోకుండా ఇస్తే ఎలా?

చెట్టుమందు

డాక్టరమ్మగారూ, మీరు చెప్పిందంతా నిజం. కానీ ఇదంతా కలవకపోతే జరుగుతున్నదే కదా? భస్మం సంగతి మా తాతకి ఎవరు చెప్పాలి? నేను నిన్న రాత్రి మీ పోస్టు చదివి వినిపించాను. "సంకు బస్మం నాను ఇవ్వను గానీ, ఇచ్చీవోళ్ళు ఉన్నారు. పొద్దున ఒకటీ రాత్రి ఒకటీ వేసుకోమంటే సరిపోద్ది కదేటి?" అన్నాడు. మీ రెండు గంటలు, ఆరు గంటల లెక్క ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ప్రశ్న

తాతగారు తెలివైనవారే. కానీ ఆయన్ని చూపించి వందమందికి తలుపు తీయలేం.

ఉగాండా ప్రయోగం నేనూ చదివాను. ఆ వైద్యులు చేసింది పరీక్ష, వైద్యం కాదు. పరీక్ష అందరికీ అయిందంటే సంతోషమే. వాళ్ళలో ఎంతమంది ఏడాది తర్వాత కూడా మందు మీద నిలబడ్డారన్నది ఆ సంఖ్య చెప్పదు. తీరంగాలిగారు చెప్పిన బోటు మనిషికి పరీక్ష దొరక్క కాదు కదా మందు ఆగింది? పరీక్ష అయింది, మందు చేతికొచ్చింది, ఆ తర్వాత ఆపించారు. మందు వేరు, దానికి కాపలా వేరు. ఇద్దరూ కలిసి ఇచ్చే సలహా రెండు నాలుకలదైతే రోగి ఏది వినాలి?

గెడ్డవతల (మందస కొండ మీద, టీచరు)

నేను సవరోణ్ణి. మా ఊరికి రోడ్డు సగం వరకే. ఇక్కడ డాక్టరా, నాటు వైద్యుడా అన్న ప్రశ్నే రాదు. మంచాన పడితే మొదట ఎజ్జోణ్ణి, అంటే మా పూజారి వైద్యుణ్ణి, అడుగుతారు. ఆయన వెళ్ళమంటే డోలీ కడతారు. వద్దంటే కట్టరు.

మా వాళ్ళలో ఒకాయనకి టీబీ వచ్చింది. ఎజ్జోడు కోడిని కోశాడు, పెద్దల్ని పిలిచాడు, చివర్న అన్నాడు: "మందు కిందనుంచి తెచ్చుకో. నీడ సంగతి నేను చూసుకుంటాను." ఆరు నెలలూ మందు మింగాడు, నయమైంది. ఆయనకి మాత్రం నయం చేసింది ఇద్దరూ. నాకు దానితో పేచీ లేదు.

మాస్టారూ (ప్రశ్నగారిని), రెండు నాలుకలు అన్నారు. మా ఎజ్జోడు నాలుక ఒకటే. మీ జీపే నెలకోసారి వస్తుంది.

ప్రశ్న

జీపు మాట ఒప్పుకున్నాను.

తీరంగాలి

అందరివీ చదివాను. నా ప్రతిపాదన కొంచెం మార్చుకోవాలనిపిస్తోంది. కార్డు మాట వెనక్కి తీసుకుంటున్నాను, గోడకెక్కుతుంది. కానీ ఊరికే పంపమంటే ఎవరు పంపుతారు? టీబీకి ఉంది కదా, అనుమానం ఉన్నవాణ్ణి చూపించి కేసు తేలితే చెప్పినవాళ్ళకి 500 రూపాయలు. అలాంటిదేదో పెడితే?

పాజిటివ్_అక్క

తమ్ముడూ, చచ్చినా వద్దు!

టీబీ వేరు. దగ్గితే ఊరంతటికీ తెలుస్తుంది. నన్ను పట్టుకుని ఒకడికి ఐదొందలు వస్తుందంటే, ఆ ఐదొందలు ఎక్కడిదని వాడి పెళ్ళాం అడుగుతుంది. సాయంత్రానికి కుళాయి దగ్గర మాటవుతుంది. మీరు నాటు వైద్యుడి అరుగు ఎప్పుడైనా చూశారా? ఒకళ్ళకి కట్టు కడుతుంటే పదిమంది కూర్చుని ఉంటారు. అక్కడ రహస్యం ఉండదు. ఆసుపత్రిలో అవమానం ఉంది కానీ కనీసం తలుపుంది.

నేను అనేది ఇది. ఆయన ఎవరినీ హెచ్ఐవీ అని అనుమానించి పంపొద్దు. పేరు కూడా ఎత్తొద్దు. రెండు వారాలు దాటిన దగ్గు, తగ్గని జ్వరం, చిక్కిపోవడం, నోట్లో పూత కనబడితే "ముందు పెద్దాసుపత్రిలో రక్తం చూపించుకుని రా, తర్వాత నా మందు చూద్దాం" అంటే చాలు. అన్ని జబ్బులకీ చెప్పే మాటే అది. అందులో ఎవరి గుట్టూ పోదు. అక్కడికొచ్చాక మిగతాది ఐసీటీసీ (హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) వాళ్ళ పని.

ఇంకొకటి. "ఇంగ్లీషు మందు ఆపు, ఆ వైపు పోకు" అన్న ఆ ఒక్క మాట మానేయాలి. నా ఎనిమిది నెలలు తిన్నది ఆకు కాదు, ఆ మాట.

పీహెచ్‌సీ_డాక్టరమ్మ

ఇది నేను ఒప్పుకుంటాను. శిక్షణ, సమావేశం, ఫోటో, శాలువా ఏమీ వద్దు. ఆ రెండు మాటలు చాలు. పథ్యం గురించి కూడా చెప్పాలి. హెచ్ఐవీతో టీబీ ఉన్నవాడికి గుడ్డు, చేప మాన్పించడం అంటే సగం చంపడమే. అలాంటివాడు టీబీ మందు రిఫాంపిసిన్ మీద ఉంటే డోలుటెగ్రావిర్ రోజుకి ఇంకో మాత్ర అదనంగా వేసుకోవాలి. రెండు జబ్బుల మాత్రలూ వేసుకుంటూ గంజి తాగితే కళ్ళు తిరిగి మందు మీద కోపం వస్తుంది, ఆపేస్తాడు.

చెట్టుమందు

మరి మీ వైపునుంచి ఏం మారుతుందండీ? అన్నీ మా తాతకేనా?

పీహెచ్‌సీ_డాక్టరమ్మ (వారం తర్వాత)

చెట్టుమందుగారు అడిగిన ప్రశ్న నన్ను గుచ్చింది. కాబట్టి ఒక పని చేశాను. ఇన్నేళ్ళూ నేను అడిగేది "నాటు మందులేమైనా తింటున్నావా?" అని. గొంతులోనే తిట్టు ఉంటుంది, లేదండీ అంటారు. సోమవారం ఓపీలో మాట మార్చి "ఆకుమందు ఏం వాడుతున్నావమ్మా, నాకూ చెప్పు" అని అడిగాను, బీపీ, షుగరు, ఏ జబ్బువాళ్ళనైనా. మధ్యాహ్నానికి కొంగుల్లోంచి, జేబుల్లోంచి పొట్లాలు బయటికొచ్చాయి. ఒకావిడ చిన్న గాజుసీసా తీసి బల్ల మీద పెట్టి, మూత తిప్పబోయి ఆగి, "తిట్టరు కదా?" అంది.

ఆ పొట్లాల్లో సగం మిరియాలు, శొంఠి. ఒకదాంట్లో మాత్రం బూడిదరంగు పొడి, బరువుగా ఉంది. అది ఎక్కడిదో కనుక్కుంటున్నాను.

ఇప్పటికీ నేను సర్కారు గుర్తింపుకి వ్యతిరేకమే. అది మారలేదు.

ప్రశ్న

ఆ బూడిదరంగు పొడి ల్యాబుకి పంపండి డాక్టరమ్మగారూ. ఎవరిచ్చారో తేలితే ఫిర్యాదు నేను రాస్తాను. మాట్లాడటం మాట్లాడటమే, కేసు కేసే.

తీరంగాలి

నిన్న మళ్ళీ ఆ గురువుగారి దగ్గరికి వెళ్ళాను, (ఊరి పేరు తీసేశాం: మోడరేటర్)లో.

పాజిటివ్_అక్క

ఊరి పేరు రాసేశావా తమ్ముడూ! మోడరేటరుగారు చూశారు కాబట్టి సరిపోయింది.

తీరంగాలి

తప్పైపోయింది అక్కా. జాగ్రత్తగా రాస్తాను.

ముందు బోటు మనిషి సంగతి. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాడు. నేను చెప్పినందుకు కాదు. గురువుగారే ఇంటికెళ్ళి సీసా తీసుకొచ్చేశాడంట. "నా మందు తర్వాత తాగొచ్చు, ముందు అది మింగు. సేప తిను" అన్నాడంట. మూడు రోజులు తినకపోతే ఊరుకోనని కూడా అన్నాడని వాళ్ళమ్మ చెప్పింది.

నేను వెళ్ళింది డాక్టరమ్మగారి మాటలు, అక్క మాటలు చెబుదామని. విన్నాడు. పథ్యం దగ్గర వాదించాడు, చేప విషయంలో సగం దూరం వచ్చాడు, పులుపు దగ్గర రాలేదు. నేను లేవబోతుంటే చూరులోంచి ఒక రేకు డబ్బా తీశాడు. అందులో గుడ్డలో చుట్టిన సగం బ్లేడు. కొన్ని నొప్పులకి చర్మం మీద చిన్న గాట్లు పెట్టి మందు రుద్దుతాడు, అది నాకు తెలుసు. ఒకే బ్లేడు అని తెలీదు.

"ఇది రత్తం తోటి వొచ్చీ జబ్బన్నావు కదా బావు" అన్నాడు. "ముప్పై ఏళ్ళు ఇదే పని. గాట్లు పెట్టినప్పుడు నా ఏళ్ళు కూడా తెగినాయి. మరి నా సంగతేటి?"

బ్లేడు మనిషికొకటి అని చెప్పాను. వాడినవి సీసాలో వేసి మూతపెట్టమన్నాను. ఆయన అడిగింది అది కాదు. పొద్దున్నే బండి మీద ఎక్కించుకుని ఐసీటీసీకి తీసుకెళ్ళాను. పంచె మీద ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కౌన్సిలరు అరగంట కూర్చోబెట్టి మాట్లాడింది, రక్తం తీసింది.

కొత్తపేట_శీను

అయ్యో, రిజల్టు ఏమొచ్చింది అన్నా?

తీరంగాలి

అది ఆయనది. నేను అడగలేదు, అడిగినా ఇక్కడ రాయను.

చెట్టుమందు

మా తాత కూడా ఒకప్పుడు గాట్లు పెట్టేవాడు. తీసుకొస్తాను. ఏ టైముకొస్తే రద్దీ ఉండదు? ముసలాయన ఎక్కువసేపు నిలబడలేడు.

తీరంగాలి

పదకొండు దాటాక రండి. పొద్దున గర్భిణీ స్త్రీల లైను ఉంటుంది. డబ్బులేం కట్టక్కర్లేదు. వచ్చేముందు నాకు మెసేజ్ పెట్టండి, కుర్చీ వేయిస్తాను.